ఎనిమిది రోజుల్లో మాన్పించిన గోలీ

మా చెల్లెలు పదకొండేళ్లపాటు రోజూ ఒక గోలీ వేసుకుంది. తెల్లగా, కందిబేడకన్నా కొంచెం పెద్దగా, మధ్యలో ఒక గీతతో ఉండేది. నాలుక మీద ఆగితే చేదు. దాని పేరు ఫినోబార్బిటోన్. మూర్ఛలు రాకుండా ఆపే మందు. చాలా పాతది, నా వయసుకన్నా పెద్దది. వెనకటి రోజుల్లో నిద్ర పట్టనివాళ్లకు కూడా దీన్నే ఇచ్చేవారట. ఇదంతా నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. నేనే చదువుకున్నాను. చదువుకున్నాను కాబట్టే మా చెల్లెలిని పాడుచేశాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నా మీద ఎవరో జాలిపడాలని రాయడం లేదు.

నేను బడి గడప తొక్కలేదు. టేకులపల్లి దాటి అడవి వైపు పోయే రోడ్డు మీద, మా ఊరి మలుపులో, సైకిళ్లు బాగుచేసే డబ్బా కొట్టు నాది. చైన్లూ బేరింగులూ పేపరు ముక్కల్లో చుట్టి వచ్చేవి. ఆ ముక్కల మీద కూడబలుక్కుని తెలుగు నేర్చాను. ట్యూబుల డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాలు నేర్చాను. కొత్తగూడెం బస్టాండు పక్కన పాత పుస్తకాలు అమ్మే అతని దగ్గర అట్ట ఊడిన డిక్షనరీ ఒకటి కొన్నాను. సైకిల్ మేస్త్రీకి డిక్షనరీ ఎందుకని అతను నవ్వాడు. అలా నవ్విన వాళ్లందరి మీదా నాకు కోపం ఉండేది. ఇప్పటికీ ఉంది. బడికి పోయినవాడు పదిసార్లు చదివి మరిచిపోయేది నేను ఒక్కసారి చదివి గుర్తుపెట్టుకోవాలని పంతం.

చెల్లెలు పుట్టేనాటికి నాకు పద్నాలుగేళ్లు. అమ్మానాన్నలు పోయాక నేనే పెంచి, జూలూరుపాడు దిక్కు ఒక సంబంధం చూసి పెళ్లి చేశాను. రెండో ఏడు, మిరపకాయలు ఏరుతూ చేలోనే పడిపోయిందట. నోట్లో నురగ, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం. తర్వాత అది వారానికి రెండుసార్లు, మూడుసార్లు అయింది. వాళ్లు ఎవరి దగ్గరికో తీసుకుపోతే కనుబొమల మీద రెండు వాతలు పెట్టాడు. చివరికి ఒక రోజు ఆమె మొగుడు ఆమెను వెంటబెట్టుకుని బస్సు దిగి, రేకుపెట్టె నా కొట్టు ముందర పెట్టి, "బావా, కొన్నొద్దులు నీ దగ్గర ఉంచుకో. తగ్గినంక వచ్చి తోల్కపోత" అన్నాడు. అదే బస్సు తిరిగి వచ్చేదాకా చెట్టు కింద నిలబడి, ఎక్కి పోయాడు. మళ్లీ రాలేదు.

నా భార్య అప్పటికే లేదు. పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే, నేనూ చెల్లెలూ.

మూర్ఛ వచ్చినప్పుడల్లా ఊరంతా వచ్చేది. తాళాల గుత్తి చేతిలో పెట్టేవాళ్లు. ఉల్లిగడ్డ చిదిమి ముక్కు దగ్గర పెట్టేవాళ్లు. ఆమె వచ్చిన మొదటి రెండేళ్లు మా ఇంట్లో ఎన్ని తాళాలు చేరాయో. ఆ తర్వాత టౌనులో ఒక డాక్టరు ఈ గోలీ రాశాడు. ఆమెను చూసింది చుట్ట కాల్చినంత సేపు కూడా కాదు. "రోజూ రాత్రి అన్నం తిన్నాక వేయాలె. ఆపొద్దు" అన్నాడు. ఎన్నాళ్లు అని అడిగేలోపు తర్వాతి పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు.

న్యాయంగా చెప్పాలి. మందు పనిచేసింది. నెల తిరిగేసరికి మూర్ఛలు తగ్గాయి. ఏడాది తిరిగేసరికి నాలుగు నెలలకు ఒకటి. అంత పాత మందు, అంత చవక మందు ఈ దేశంలో ఉండగా, ఒక ఆడపిల్ల ముఖం మీద ఇనుము కాల్చి పెట్టారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.

అయితే ఆ మందు మూర్ఛనొక్కదాన్నే పట్టి ఆపదు. మనిషినంతా పట్టుకుంటుంది. చెల్లెలు పొద్దెక్కేదాకా లేవలేకపోయేది. లేచినా మగతే. పొయ్యి మీద ఎసరు పెట్టి దాని ముందే కూర్చుని ఉండేది, అన్నం మాడిన వాసన నా కొట్టుదాకా వచ్చేది. ఏదైనా అడిగితే జవాబు వచ్చేసరికి అడిగిన నేనే మరిచిపోయేవాణ్ని. చిన్నప్పుడు నోటికి అడ్డూ ఆపూ లేని పిల్ల. ఊళ్లో అందరికీ పేర్లు పెట్టేది. ఒకసారి అంది, "అన్నా, నా తలకాయల బూరుగుదూది కుక్కిండ్రు. ఏది ముట్టుకున్నా మెత్తగనే తాకుతది."

గోలీలు దొరకడం ఒక తిప్పలు. మండలంలో మందుల షాపు ఒకటే. అతను వాటిని పెట్టుకోవడానికి ఇష్టపడేవాడు కాదు. నిద్రమందు జాతిది కాబట్టి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి ఇచ్చాడో రాసిపెట్టాలి, అంతా చేసి మిగిలేది ఏమీ లేదు. "మేస్త్రీ, నీ ఒక్కనికోసం తెప్పిస్తున్న ఇది. జర వేరే మందు ఏమన్న కొనుక్కోరాదు, దగ్గుమందన్న" అనేవాడు. ఆ గోలీల డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉండేది. ఆ మందు గురించి చీమ తలకాయంత అక్షరాలతో ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం. అతను దాన్ని చించి పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను.

"ఏం చేసుకుంటవ్ మేస్త్రీ?"

"సదువుకుంట."

"నేను ఫార్మసీ చదివిన, నేనే చదవలేదు దాన్ని" అన్నాడు, గొప్పగా.

ఆ కాగితం చదవడానికి నాకు నెల పట్టింది. డిక్షనరీలో ఒక్కో మాటా వెతికి, అర్థం తెలుగులో రాసుకున్నాను. ఈ మందు మెదడును నెమ్మది చేస్తుంది. ఎక్కువైతే ఊపిరిని కూడా నెమ్మది చేస్తుంది, మరీ ఎక్కువైతే ఆపేస్తుంది. సారాతో కలిస్తే ఇంకా తొందరగా ఆపేస్తుంది. చిన్నపిల్లల్లో కొందరికి నిద్రకు బదులు చిరాకూ గెంతులాటా వస్తాయి. కొందరికి ఒంటి మీద దద్దులు లేస్తాయి, అప్పుడు వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. ఏళ్ల తరబడి వాడితే ఎముకలు బలం తప్పుతాయి. కడుపుతో ఉన్నవాళ్లు వాడితే బిడ్డకు చెరుపు చేయవచ్చు. పిల్లలు పుట్టకుండా వేసుకునే గోలీలను ఇది పనిచేయనివ్వదు. మనసు దిగాలు పడుతుంది. అలవాటు పడిన ఒంటికి దీన్ని ఒక్కసారిగా ఆపితే, ఆగకుండా మూర్ఛ మీద మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. మానాలంటే మెల్లమెల్లగా తగ్గించాలి.

అన్నీ రాసుకున్నాను. ఆ చివరి వాక్యాన్ని పెన్సిలుతో రెండు గీతలు గీసి పెట్టుకున్నాను.

ఆ కాగితం వల్ల మంచి కూడా జరిగింది. మా పక్కింటాయన ఇప్పసారా తాగి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఒక సాయంత్రం, "బామ్మర్దీ, మీ చెల్లె గోలీలు ఏసుకుంటే మస్తు నిద్రొస్తదంట కద. నాకు ఓ రెండియ్యి" అన్నాడు.

"నీ కడుపుల ఉన్నది చాలు. అది, ఇది కలిస్తే పొద్దుగాల లేవవు."

"లేవకుంటే ఏమైతది, మీ అక్కకు పని తప్పుతది."

"మా అక్కను అడిగొచ్చి చెప్త."

ఆయన భార్య, నాకు అక్క వరస, లోపలి నుంచే అరిచింది. "ఇచ్చెయ్యి తమ్ముడా, ఇచ్చెయ్యి. రెండు గాదు, గుప్పెడియ్యి." అందరం నవ్వాం. కానీ నేను ఇవ్వలేదు. ఆ రోజు నుంచి గోలీల డబ్బా నా పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాను. చెల్లెలికి కల్లు కూడా మాన్పించాను. ఎండాకాలం అందరూ తాటాకు దొప్పలు పట్టుకుని కూర్చుంటే ఆమె చేతిలో నీళ్ల చెంబు. నేను చేసింది సరైనదే. ఆమె నన్ను చూసిన చూపు కూడా సరైనదే.

మా దిక్కు ఎండాకాలంలో తునికాకు కోత ఉంటుంది. బీడీలకు పోయే ఆకు. కోత మొదలైతే మూడు నాలుగు వారాలు, అంతే. ఆకు ముదిరితే ఎవరూ కొనరు. కోడి కూసేవేళకు ఊరు లేచి అడవిలోకి పోతుంది, ఎండ ముదిరేలోపు మూటలతో తిరిగి వస్తుంది, పొద్దంతా అరుగుల మీద కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కడుతుంది, సాయంత్రం ఆకు కొనే కల్లంలో పరుస్తుంది. పక్క గూడెంవాళ్లు వాళ్ల మాటల్లో, మేము మా మాటల్లో, కానీ అందరి నోటా ఆకు ముచ్చటే. ఆ రోజుల్లో మిగతావన్నీ ఆగుతాయి. పెళ్లి మాటలు ఆగుతాయి. కొట్లాటలు ఆగుతాయి. మందులు కూడా ఆగుతాయి. కళ్లు తిరుగుతున్నాయని బీపీ గోలీ ఆపేవాళ్లు, కడుపులో తిప్పుతోందని టీబీ గోలీ ఆపేవాళ్లు, ఏదైనా సరే, "ఆకు అయినంక ఏసుకుంట" అనేవాళ్లు. ఈ ఒక్కమాటతో ఎంతమంది పోయారో నాకు తెలుసు. నేను వాళ్లను తిట్టేవాణ్ని. తెలివి తక్కువ జనం అనుకునేవాణ్ని.

చెల్లెలు గోలీ వేసుకునే మొదటి సంవత్సరాల్లో ఆకుకు పోయేది. ఆమె లేచి అడవి చేరేసరికి దగ్గరి చెట్లు అన్నీ కోసేసి ఉండేవి. ఒకసారి చెట్టు మొదట్లో కూర్చుని అక్కడే నిద్రపోయింది. అందరూ మూటలు దించి ఒకటే వెతుకులాట. తునికిపండ్ల కోసం ఎలుగొడ్లు తిరిగే చోటు అది. దొరికాక పక్కింటి అక్క చెప్పేసింది, "ఓ చెల్లె, నిన్ను ఎతుకుడు ఒక పని, ఆకు కోసుడు ఒక పని. రెండు పనులు మాతోని గాదు." అప్పటి నుంచి ఆమెను ఎవరూ తీసుకుపోలేదు. అరుగు మీద కట్టలు కట్టేచోట కూర్చునేది. లెక్క యాభై దాకా పోకముందే తప్పేది. మిగతావాళ్లు ఆమె కట్టలు చాటుగా విప్పి మళ్లీ కట్టేవాళ్లు. అది ఆమె చూసేది. చూసి ఏమీ అనేది కాదు.

ఇవి రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. ఆ ఏడు మూర్ఛ వచ్చి పద్నాలుగు నెలలు దాటింది. ఆకు కోత ఇంకో ఇరవై రోజుల్లో మొదలవుతుందనగా, అన్నం పెడుతూ అడిగింది.

"అన్నా, ఈసారి గోలీ బంజేస్త."

"సస్తవ్."

"ఫిట్సు ఏడాదికోపాలి వస్తది. ఈ మబ్బు దినాం ఉంటది. ఏది పెద్ద రోగం?"

నేను చారు పొయ్యమని పళ్లెం ముందుకు జరిపాను.

"నీకు తెల్వది. నువ్వు మంచిగ లేస్తవ్, పేపరు సదువుతవ్, ఎవనితోనన్న కొట్లాడుతవ్. నేను సుత కొట్లాడేదాన్ని గద. యాదికున్నదా?"

"ఉన్నది."

"మాట దొరుకతలేదు అన్నా. కొట్లాడుదామంటే మాట దొరికేసరికి అవతలిది ఇంటికి పోతది."

ఇది ఆమె నవ్విస్తూ చెప్పింది. నేను నవ్వలేదు. మర్నాడు కొట్టు మూసి టౌనుకు పోయాను. పాత డాక్టరు బదిలీ అయిపోయాడు, ఆ కుర్చీలో ఇంకొకాయన ఉన్నాడు. చీటీ చూసి, "ఫిట్స్ రావట్లేదు కదా, మంచిగనే ఉంది. అదే వాడండి" అన్నాడు.

"తగ్గించాలంటే ఎట్ల తగ్గించాలె సారు?"

"నీకెందుకు? అవసరమైతే నేను చెప్తా."

"కాగితంల మెల్లమెల్లగ అని ఉన్నది. మెల్లగ అంటే ఎన్నొద్దులు?"

ఆయన తల ఎత్తి నా చేతులకేసి చూశాడు. గ్రీజు పోని చేతులు. "ఏం కాగితం? మీరు ఇవన్నీ చదవొద్దు. నెక్స్ట్" అన్నాడు.

అంతే. ఆ చూపు నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను నిర్ణయం తీసుకున్నాను. వీడు చెప్పకపోతే నేను చేయలేనా అనుకున్నాను. ఆ వాక్యం కింద గీతలు గీసినవాణ్ని నేను. ఊళ్లో వాళ్లలా ఒక్కసారి ఆపను. పద్ధతిగా తగ్గిస్తాను.

కోత మొదలయ్యేది ఎప్పుడో కల్లం దగ్గర దండోరా వేసేసరికి చేతిలో ఉన్నవి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిదే నాకు మెల్లగా అనిపించింది. రెండు రోజులు ముప్పావు గోలీ, మూడు రోజులు అర, మూడు రోజులు పావు. పంక్చరు రబ్బరు కోసే బ్లేడుతో, పలక మీద పెట్టి, నలగకుండా కోశాను. ముక్కలు సమానంగా ఉన్నాయా అని కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. కొట్టు గోడ మీద చాక్‌పీసుతో రోజులు వేశాను. నాకు గర్వంగా ఉండింది. ఈ అడవి దిక్కున ఇంత పద్ధతిగా మందు మానిన మనిషి ఎవరైనా ఉన్నారా అనుకున్నాను. తొమ్మిదో రోజు ఏమీ ఇవ్వలేదు.

తర్వాత వచ్చిన రోజులను నేను ఏ కోపంతోనూ రాయలేను.

చెల్లెలు నాకన్నా ముందు లేచింది. పళ్లు తోముకుంటూ నా మంచం కోడు తన్ని, "లేవరాదు ముసలోడా, తెల్లారింది" అంది. పదకొండేళ్ల తర్వాత నన్ను ఎవరో ముసలోడా అన్నారు. నడుముకు గుడ్డ కట్టుకుని, తలకు తువ్వాల చుట్టుకుని అడవిలోకి పోయింది. ఎండ ముదిరేసరికి అందరికన్నా పెద్ద మూటతో వచ్చింది. అరుగు మీద కట్టలు కడుతుంటే వేళ్లు కనిపించలేదు. పక్కింటి అక్కతో ఎప్పుడెప్పటి లెక్కలో తేల్చుకుంది.

"ఏందే అక్కా, నీ కట్టల నలభై ఆరే ఉన్నయ్. కల్లంల ఏమంటరు?"

"నా కట్ట నువ్వెందుకు ఇప్పుతున్నవే?"

"నావి నువ్వు ఇప్పినవ్ గద ఇన్నేండ్లు. నేను సూడలే అనుకున్నవా?"

ఆ అక్కే పకపకా నవ్వింది. "అమ్మో, దీనికి నోరొచ్చిందిరో" అంది. ఆ మాట ఊరంతా తిరిగింది. మేస్త్రీ చెల్లెకు నోరొచ్చింది. చూడటానికి పక్క వీధివాళ్లు వచ్చారు. ఆమె వచ్చినవాళ్లందరికీ పేర్లు పెట్టింది. అమ్మ వండే చింతచిగురు పప్పులో ఎన్ని మిరపకాయలు వేసేదో చెప్పింది. నేను మరిచిపోయిన మా నాన్న నడక నడిచి చూపించింది. అలా నడుస్తూ, ఇన్నేళ్లూ తాను పక్క గదిలోనే ఉన్నట్టూ, నేనే తలుపు తీయడం మరిచిపోయినట్టూ నన్ను చూసింది.

ఆ రోజుల్లో ఇంకా కొన్ని చూశాను. చూసి వదిలేశాను. పొద్దున టీ గ్లాసు చేతిలోంచి ఎగిరిపడింది. "చెయ్యి జారింది" అంది. జారలేదు, చెయ్యి గుంజుకుంది. ఆమెకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఒళ్లు చెమటలు. ఎండాకాలం, ఎవరికి పట్టవు అనుకున్నాను. మందు మానినప్పుడు ఒళ్లు ఇలా చేస్తుందని ఆ కాగితంలో ఉంది. ఆ వాక్యాన్నీ నేనే తెలుగు చేశాను. రాసుకున్నది తీసి చూస్తే అయిపోయేది. చూడాలనిపించలేదు. చూస్తే గోలీ మళ్లీ ఇవ్వాలి. ఇస్తే తిరిగి వచ్చిన ఆ మనిషి పోతుంది. నేను తెలియక చేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను. నాకు తెలుసు.

కోత మొదలైన పదకొండో రోజు, నేను కొట్టు తీసి గాలి పంపు బయట పెడుతుంటే, అడవి దారిలోంచి పక్కింటి అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. నెత్తిన మూట లేదు. చూడగానే అర్థమైంది.

"తమ్ముడా, ఒకటి తగ్గకముందే ఇంకోటి వస్తున్నది. మనిషి కండ్లు తెరుస్తలేదు."

నేను పోయేసరికి నలుగురు ఆడవాళ్లు ఆమెను దుప్పట్లో వేసి, వెదురు కర్రకు కట్టి మోసుకొస్తున్నారు. వాళ్లు కోసిన ఆకు అంతా దారి పొడవునా పడిపోయి ఉంది. జోలెలో చెల్లెలి ఒళ్లు బిగుసుకుని కొట్టుకుంటోంది. ఆగుతుంది. నేను పిలిచేలోపు మళ్లీ మొదలు. ఎవరో తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టబోతే నేను లాగి విసిరేశాను. ఆ తర్వాత ఏం చేయాలో నాకూ తెలియదు. నేను చదివిన కాగితంలో అక్కడి నుంచి ఏమీ లేదు.

ఫోను చేస్తే వచ్చే అంబులెన్సు అప్పటికి మా దిక్కు రాలేదు. ఆకు తోలే ట్రాక్టరులో, సంచుల మీద పడుకోబెట్టి మండలం దవాఖానాకు తెచ్చాం. నర్సమ్మ సూది వేసింది. కాసేపు ఆగింది. మళ్లీ వచ్చింది. "ఇక్కడ ఇంతకన్న ఏం లేదు, ఖమ్మం పోవాలె" అంది. ఆమె తప్పేమీ లేదు, కళ్లలో నీళ్లతోనే జీపు మాట్లాడి పెట్టింది. ఖమ్మం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అన్ని గంటలు.

ఖమ్మంలో చూసిన డాక్టరమ్మ చిన్నమ్మాయి. చెల్లెలికి ముక్కులో గొట్టాలు పెట్టి, మూర్ఛలు ఆపి, బయటికి వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టి అడిగింది.

"గోలీలు ఆపేశారా, పెద్దాయనా?"

"ఒక్కసారి ఆపలేదమ్మా. మెల్లమెల్లగ తగ్గించినం."

"ఎన్ని రోజుల్లో?"

"ఎనిమిది."

ఆమె రాస్తున్న పెన్ను ఆపింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "పదకొండేళ్లు వాడిన మందు. కొంచెం కొంచెంగా, నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏడాది కూడా" అంది. "మగతగా ఉంటోందని చెప్తే వేరే మందులు ఉన్నాయి కదా. ఇది తీసేస్తూ అది పెట్టేవాళ్లు. ఎవరికైనా చెప్పారా?" అని అడిగింది.

చెప్పాను అనబోయాను. నోటిదాకా వచ్చింది. టౌను డాక్టరుతో ఏం మాట్లాడానో గుర్తు చేసుకున్నాను. తగ్గించడం ఎట్లా అని అడిగాను. మెల్లగా అంటే ఎంత అని అడిగాను. నేను చదివానని ఆయనకు తెలియాలన్నదే నా పంతం. అన్నం మాడేదని చెప్పలేదు. కట్టల లెక్క తప్పేదని చెప్పలేదు. మాట దొరకడం లేదని ఆమె అన్నదని చెప్పలేదు. ఆయన కూడా అడగలేదు. అడగని ఆయనను ఈనాటికీ క్షమించలేదు. చెప్పని నన్ను ఏం చేయాలో తెలియలేదు.

ఆరో రోజున చెల్లెలు కళ్లు తెరిచింది. నన్ను చూసింది. చూపు నా మీదే ఉంది, కానీ నన్ను దాటి గోడ దాకా పోతోంది. కుడిచెయ్యి లేవలేదు. మాట రాలేదు. వస్తుందేమో అన్నారు. అన్నం కలిపి నోట్లో పెడితే మింగేది. మూర్ఛలు అన్ని గంటలు ఆగకుండా వస్తే మెదడు దెబ్బతింటుందని చెప్పారు. మళ్లీ అదే తెల్లగోలీ, ఈసారి రెండు పూటలా, దానికి తోడు ఇంకొకటి. బస్సులో ఆమెను ఒళ్లో పడుకోబెట్టుకుని ఊరికి తెచ్చాను.

ఊళ్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. పక్కింటి అక్క రోజూ వచ్చి తల దువ్వి పోయేది. ఆమెతో అన్ని ముచ్చట్లూ చెప్పేది, జవాబు తనే చెప్పుకునేది. "నాది నలభై ఆరే చెల్లె, నువ్వన్నది నిజమే" అని ఒకసారి అంటుంటే విన్నాను. నేను కొట్టులోకి పోయాను.

నెలకోసారి ఖమ్మం పోయి మందులు తెచ్చేవాణ్ని. ఏడాది గడిచాక, ఆ డాక్టరమ్మే ఆమెను తీసుకురమ్మంది. కళ్లల్లో లైటు వేసి చూసింది, మోకాళ్ల మీద తట్టి చూసింది, పేరు పిలిచి చూసింది. చెల్లెలు ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. డాక్టరమ్మ ముఖం వెలిగింది.

"పెద్దాయనా, ఫిట్స్ అదుపులో ఉన్నాయి. ఈ మగతలో కొంత దెబ్బ వల్ల, కొంత మందు వల్ల. తెల్లగోలీ చాలా మెల్లగా తగ్గిస్తూ పోదాం. నేను చూసుకుంటా, ప్రతి నెలా రండి. ఇంకొంచెం తెలివిలోకి రావచ్చు. ఒకటి రెండు మాటలు రావచ్చు. ఖాయంగా చెప్పలేను. మధ్యలో ఫిట్స్ రావచ్చు, వస్తే చూసుకుందాం. ఏమంటారు?"

ఇన్నేళ్లలో నన్ను ఏమంటారు అని అడిగిన డాక్టరు ఆమె ఒక్కతే. నెలలు అని, ఎంతెంత అని, ఎప్పుడు ఏం చేయాలని, కాగితం మీద గీసి చూపించింది. నేను వెతికిందంతా ఆ కాగితంలో ఉంది. మెల్లగా అంటే ఎన్ని నెలలో కూడా ఉంది.

చెల్లెలు బల్ల మీద కూర్చుని నా చొక్కా అంచు ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

"వద్దమ్మా" అన్నాను.

"భయం అర్థమవుతుంది. కానీ ఇది మీరు చేసినట్టు కాదు."

"వద్దు."

ఆమె ఇంకో రెండుసార్లు చెప్పి చూసింది. నేను ఏ కారణమూ చెప్పలేదు. నాకు ఆ దుప్పటి జోలె తప్ప ఏమీ కనిపించలేదు. బయటికి వచ్చి, మందులు తీసుకుని, బస్టాండులో కూర్చున్నాక అప్పుడు తట్టింది, చెల్లెలిని అడగలేదని. తల ఊపమనైనా అడగలేదు. ఈ మబ్బు పెద్ద రోగమని చెప్పిన మనిషిని, పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె తరఫున వద్దన్నాను. తిరిగి లోపలికి పోవచ్చు. దవాఖానా అంత దూరమేమీ లేదు. బస్సు వచ్చేదాకా కూర్చున్నాను, వచ్చాక ఎక్కాను.

చెల్లెలు ఆ తర్వాత ఇంకో రెండేళ్లు బతికింది. పొద్దునొకటి, సాయంత్రమొకటి, నేనే గంజిలో నూరి తాగించాను. ఆ రెండేళ్లలో ఒక్క పూట కూడా గోలీ తప్పలేదు. మూర్ఛ ఒక్కటీ రాలేదు. ఒక వానాకాలం పొద్దున గంజి కలిపి పట్టుకుపోతే లేవలేదు. ఊళ్లో వాళ్లు వచ్చి, "మంచిగ చూసుకున్నవ్ అన్నా" అన్నారు.